గాలికి ఊగే కొలంబైన్ పూలు, బ్లర్ లేకుండా

కొలరాడోలో యూరే ఊరికి పైన యాంకీ బాయ్ బేసిన్‌లో జూలై చివరికల్లా కొలంబైన్‌లు విరగబూస్తాయి. చిక్కల్లా గాలితోనే. సన్నటి కాడ, దాని మీద వెనక తోకలున్న పెద్ద పువ్వు, కాస్త గాలి తగిలినా తలూపుతూనే ఉంటుంది. ముందు పువ్వు, వెనక కొండ రెండూ షార్ప్‌గా రావాలని ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 100లో ఎఫ్/16 (లెన్స్ రంధ్రం బాగా చిన్నది) పెడితే, తెల్లవారుజాము వెలుతురుకి షట్టర్ 1/15 సెకనుకి పడిపోయి రేకులు అలికేసినట్టు వచ్చేవి.

చివరికి రెండు ఫ్రేములతో కుదిరింది. ట్రైపాడ్ కదపకుండా, ముందు పూల మీద ఫోకస్ పెట్టి ఎఫ్/8, ఐఎస్ఓ 400, అప్పుడు షట్టర్ 1/250 వస్తుంది, గాలి ఆగే క్షణం కోసం చూసి వరసగా నాలుగైదు నొక్కేయడమే. తర్వాత కొండ మీద ఫోకస్, ఐఎస్ఓ మళ్లీ 100. ఫొటోషాప్‌లో రెండు లేయర్లూ అలైన్ చేసి మాస్క్ వేస్తే, అంటే ఒక్కో లేయర్‌లో షార్ప్‌గా ఉన్న భాగమే కనబడేలా చేస్తే సరి.

అసలు తలనొప్పి అంచుల దగ్గర. ఫ్రేములో రేకులు కొండ మీదకి వస్తే చుట్టూ మసక గీత కనబడుతుంది, ఎంత మాస్క్ చేసినా పోదు. అందుకే కెమెరాను జానెడు పైకి లేపి, పూలన్నీ గడ్డి మధ్యలోనే ఉండేలా చూస్తున్నా. మధ్యాహ్నం ఉరుములు మొదలవుతాయి, ఆలోపే కిందికి దిగిపోండి.