సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ కొనడం ఎలా: ఇంజిన్ వేడెక్కకముందే తేల్చుకోండి

పాత లగ్జరీ ఎస్‌యూవీ కొనేవాళ్లు ఎక్కువమంది తీరిగ్గా మధ్యాహ్నం వెళ్తారు. అమ్మేవాడు అప్పటికే బండి కడిగి, ఓ రౌండ్ తిప్పి, ఏసీ వేసి ఉంచుతాడు. వీళ్లు ఎక్కి సీటు ముందుకీ వెనక్కీ జరిపి, సన్‌రూఫ్ తెరిచి మూసి, పది నిమిషాలు నడిపి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. రెండు నెలలు పోయాక నాకు ఫోన్ చేసి, ఇంజిన్‌లో ఏదో శబ్దం వస్తోంది, ఎంతవుతుందని అడుగుతారు. చెప్తే నమ్మరు. ఈ పని చేయాల్సిన పద్ధతి ఇదీ.

1. ఏ బండి, ఎంత డబ్బు

ఈ సైజులో ఎక్కువగా దొరికేవి బీఎండబ్ల్యూ ఎక్స్5, ఆడి క్యూ7, వోల్వో ఎక్స్‌సీ90, లెక్సస్ ఆర్ఎక్స్, 2015 దాకా ఎంఎల్ పేరుతో వచ్చిన మెర్సిడెస్ జీఎల్ఈ. టెన్షన్ లేకుండా తిరగాలంటే ఆర్ఎక్స్ కొనండి. నడపడంలో మజా కావాలంటే ఎక్స్5 కొనండి. మిగతావాటి మీద వాదించే ఓపిక నాకు లేదు. కొత్త డిజైన్ వచ్చిన మొదటి ఏడాది బండి మాత్రం ఏ కంపెనీదైనా వద్దు. తప్పులన్నీ దిద్దుకున్నాక, ఆ డిజైన్ ఆఖరి రోజుల్లో తయారైనది వెతకండి. 21 అంగుళాల చక్రాలున్నదీ వద్దు. చూడ్డానికి బాగుంటాయి, గుంటలో పడితే ముందు వంగేవి ఆ రిమ్ములే.

బండి రేటు ఏళ్లు గడిచేకొద్దీ పడిపోతుంది, స్పేర్ పార్టుల రేటు పడదు. ఏనుగును కొనగలగడం వేరు, మేపగలగడం వేరు. చేతిలో ఉన్న డబ్బులో ఐదో వంతు రిపేర్లకని పక్కన పెట్టి, మిగిలినదాంట్లోనే బండి చూడండి.

2. వెంట ఉండాల్సినవి

టార్చి, కొలత టేపు, ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లూ అంకెలూ చదివేది), నాలుగు టిష్యూలు. ఇంజిన్ స్టార్ట్ చేసి పెట్టడానికి ఒక మనిషి. బండ్ల గురించి తనకన్నీ తెలుసనే బావమరిది కాదు, చెప్పింది చేసే మనిషి.

3. చల్లటి ఇంజిన్

అందరూ పాడు చేసేది ఈ పనినే, కాబట్టి నిదానంగా చదవండి.

బండి రాత్రంతా కదలకుండా ఉండాలి. ముందు రోజే ఫోన్ చేసి, "రేపు పొద్దున్నే వస్తాను, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండి" అని చెప్పండి. కుదరదంటే ఆ బండి వదిలేయండి. ఇంకో బండి దొరుకుతుంది.

చేరగానే రిమోట్ నొక్కనివ్వకండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న, అంటే స్టీల్ స్ప్రింగులకు బదులు గాలి నింపిన స్ప్రింగుల మీద నిలబడే బండ్లలో చాలావాటికి తాళం తీయగానే కంప్రెసర్ తిరిగి, దిగిపోయిన మూల తనంతట తానే పైకి లేస్తుంది. అందుకే తలుపు తెరవకముందే, సమంగా ఉన్న నేల మీద, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. ముందు చక్రాల రెండు కొలతలూ కలవాలి, వెనకవాటివీ కలవాలి. ఒక మూల రెండు వేళ్ల మందం దిగి ఉంటే అక్కడ ఎయిర్ స్ప్రింగ్ నుంచి గాలి పోతోందని అనుమానించాలి. పోయిన గాలి నింపుతూ నింపుతూ కంప్రెసర్ కూడా కాలిపోతుంది. అసలు మామూలు స్టీల్ స్ప్రింగుల బండి దొరుకుతుంటే ఎయిర్ సస్పెన్షన్ ఎందుకు కొంటారో నాకు అర్థం కాదు.

ఇక ఇంజిన్ నిజంగా చల్లగా ఉందా? బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తే చాలదు, రేకు తొందరగా చల్లబడుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, స్కానర్ తగిలించి రెండు అంకెలు చూడండి: కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత, ఇంజిన్ పీల్చే గాలి ఉష్ణోగ్రత. రాత్రంతా నిలబడ్డ బండిలో ఇవి రెండూ ఇంచుమించు ఒకటే ఉంటాయి. గాలి 25 డిగ్రీలు, కూలెంట్ 55 డిగ్రీలు ఉంటే పొద్దున ఎవరో ఇంజిన్ నడిపారన్నమాట. "కడగడానికి ఒక్క నిమిషం బయటికి తీశానండి" అంటాడు. ఒక్క నిమిషానికి కూలెంట్ 55కి పోదు. దండం పెట్టి వచ్చేయండి.

చల్లగా ఉందని తేలితే కూలెంట్ మట్టం చూడండి. కూలెంట్ ట్యాంకు మూత వేడి ఇంజిన్ మీద ఎప్పుడూ తిప్పకూడదు, చెయ్యి కాలుతుంది.

ఇప్పుడు బానెట్ ఎత్తి ముందు నిలబడండి. వెంట వచ్చిన మనిషిని స్టార్ట్ చేయమనండి. మొదటి మూడు సెకన్లు మీరు మాట్లాడకూడదు, పక్కవాళ్లనూ మాట్లాడనివ్వకూడదు. లోపల గొలుసు రేకుకి కొట్టుకున్నట్టు గలగలమని వినిపించి ఆగిపోయిందా? అది టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి తెరిచి మూయించే గొలుసు. చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. రాత్రి ఆయిల్ కిందికి జారిపోతుంది, చైన్ సాగినా టెన్షనర్ అరిగినా ప్రెషర్ ఎక్కేదాకా ఆ శబ్దం వస్తుంది. ఇప్పుడే తిప్పి ఆపిన ఇంజిన్‌లో ఇది వినపడకపోవచ్చు. బీఎండబ్ల్యూ ఎన్47, ఎన్57 డీజిల్ ఇంజిన్లలో ఈ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో కిందికి దించాలి. చైన్ ఖరీదు కన్నా కూలీ ఎక్కువ.

వెంటనే ఆపించి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేయించకండి. మొదటిసారి విన్నదే లెక్క.

శబ్దం అయ్యాక వెనక్కి వెళ్లి సైలెన్సర్ చూడండి. తెల్లటి ఆవిరి వచ్చి కాసేపటికి పోతే అది నీరు, కంగారు పడక్కర్లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టమైన తెల్ల పొగ తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపల కాలుతోంది. స్టార్ట్ అవగానే నీలం పొగ గుప్పున వస్తే ఆయిల్ కాలుతోంది.

హైవే మీద వంద స్పీడులో పరీక్షించాలనేవాళ్లు చాలామంది ఉన్నారు. వేడెక్కిన ఇంజిన్ వందలో హాయిగానే పోతుంది. పొద్దున చల్లటి ఇంజిన్ మూడు సెకన్లలో చెప్పేది ఆ డ్రైవ్ గంటసేపైనా చెప్పదు. కంపెనీ సర్టిఫికెట్ ఉన్న బండికీ ఇదే పరీక్ష, మినహాయింపు లేదు.

4. స్కానర్‌లో కోడ్‌లు లేకపోతే

సంతోషించకండి. వచ్చే ముందు కోడ్‌లు చెరిపేశారేమో చూడాలి. స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లని ఉంటాయి, బండి తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో అవి చూపిస్తాయి. కోడ్‌లు చెరిపినా, చాలా బండ్లలో బ్యాటరీ తీసినా అవి మొదటికి వస్తాయి, మళ్లీ పూర్తవడానికి కొన్ని రోజుల డ్రైవింగ్ కావాలి. ఎక్కువ మానిటర్లు అసంపూర్తిగా కనిపిస్తే వారం తర్వాత వస్తానని చెప్పండి. అప్పుడు అమ్మేవాడి ముఖం చూస్తే కొంత తెలుస్తుంది.

5. డ్రైవ్

ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా రెండు సున్నాలు కొట్టండి. ఎవరో వెనక పట్టి లాగినట్టు బండి జెర్కులిస్తే ఫోర్ వీల్ డ్రైవ్‌లో తేడా ఉంది. చాలాసార్లు దానికి కారణం నాలుగు టైర్లూ ఒక తీరుగా అరగకపోవడం. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం.

6. లిఫ్ట్, కార్పెట్, కాగితాలు

అమ్మేవాడు చెప్పిన మెకానిక్ కాకుండా మీరు ఎంచుకున్న మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించండి. ఆయిల్ తడి ఎక్కడుందో అతనే చూస్తాడు. మీరు మాత్రం ముందు సీట్ల కింది కార్పెట్ అంచు ఎత్తి టిష్యూ అదిమి చూడండి. తడి అంటితే ముందు అనుమానించాల్సింది సన్‌రూఫ్ నీళ్లు పోయే గొట్టాలనే. అవి మూసుకుపోతే నీళ్లు లోపలికి దిగి, కింద ఉన్న వైర్లూ కంప్యూటర్లూ పాడవుతాయి. ఛాసిస్ నంబరు 17 అక్షరాలూ బండి మీదా కాగితాల మీదా ఒకటేనా సరిచూసి, అదే నంబరుతో పెండింగ్ రీకాల్స్ (లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచినా ఇంకా చేయించనివి) వెతకండి. లోపమున్న టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల రీకాల్ కోట్ల బండ్లకు వచ్చింది, అవి మార్చకుండా తిరుగుతున్నవి ఇంకా ఉన్నాయి.

7. కొన్న వారంలో

ఇంజిన్ ఆయిల్ మార్చండి. గేర్‌బాక్స్ ఆయిల్ "జీవితాంతం మార్చక్కర్లేదు" అంటే వినకండి. ఎక్స్5 లాంటి బండ్లకు గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటోంది. సర్వీస్ బుక్కులో ఆ లైను కనిపించకపోతే అది ఇంకా మార్చలేదనే అనుకుని మార్పించండి.