జాజ్ రికార్డు మీద పేరొకరిది, టేపు ఇంకొకరిది: అసలు ఓనర్ని పట్టుకోవడం ఎలాగ

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో కూర్చుని పాత జాజ్ ఎల్పీలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి సెల్లర్ పంపించే ఫొటోలే గతి. ఆ ఫొటోలో బ్లూ నోట్ (పేరున్న అమెరికా జాజ్ కంపెనీ) అని పెద్దగా లోగో కనిపించగానే ఒరిజినల్ అనుకుని వేలకి వేలు పెట్టేస్తారు. లోగోని బట్టి ఏదీ తేలదు. మన వైపు ఎకరం పొలం కొనాలంటే పాస్‌బుక్‌లో పేరు చూసి డబ్బులిచ్చేస్తామేటి, లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, ఈసీ తీయిస్తాం కదా, జాజ్ లేబుల్‌కి, అంటే రికార్డు కంపెనీ పేరుకి, కూడా అలగే వరసంతా చూడాలి.

తేల్చాల్సినవి మూడు. మొదట రికార్డు చేసింది ఎవరు, ఇప్పుడు మాస్టర్ టేపు (మొదట రికార్డు చేసిన అసలు టేపు) హక్కు ఎవరిది, మీకు వచ్చే కాపీని అచ్చేసింది ఎవరు. మూడూ ఒకరే అయ్యే కేసులు తక్కువ.

సెల్లర్‌ని ముందు అట్ట ఫొటో కాదు, వెనక అట్ట అడుగు భాగం, రికార్డు మధ్యలో రెండు వైపులా ఉండే కాగితం లేబుళ్లు, డెడ్ వ్యాక్స్ అడగండి. డెడ్ వ్యాక్స్ అంటే పాట అయిపోయాక లేబుల్‌కి ముందు నున్నగా ఉండే జాగా, అక్కడ గీకిన నంబర్లు, ముద్రలు ఉంటాయి, ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పెట్టి తీస్తేనే పడతాయి.

బ్లూ నోట్ సంగతే చూడండి. 1939లో న్యూయార్క్‌లో ఆల్ఫ్రెడ్ లయన్ వాళ్లు పెట్టారు, 1965లో లిబర్టీకి అమ్మేశారు, 1968లో లిబర్టీని ట్రాన్సమెరికా కొని యునైటెడ్ ఆర్టిస్ట్స్‌తో కలిపింది, 1979లో ఇదంతా ఈఎంఐకి పోయింది, 1985లో బ్లూ నోట్ పేరు మళ్లీ నిలబెట్టారు, 2012లో ఈఎంఐ మ్యూజిక్‌ని యూనివర్సల్ కొనేసింది. ఇది కాగితం మీద వరస, రికార్డు మీద ఇది ఎలా కనిపిస్తుందంటే, లయన్ టైములో ప్రెస్సింగ్ చేసిన ప్లాస్టీలైట్ ఫ్యాక్టరీ డెడ్ వ్యాక్స్‌లో ఇంగ్లిష్ పి అక్షరాన్ని వంకరగా గీకేది, చూడ్డానికి చెవిలా ఉంటుంది కాబట్టి కలెక్టర్లు దాన్ని చెవి అనే అంటారు. లిబర్టీ వచ్చాక ఆ ఫ్యాక్టరీని మానేశారు, చెవి పోయింది. కానీ మిగిలిపోయిన పాత లేబుళ్లు పారేయలేదు, న్యూయార్క్ అడ్రస్ ఉన్న ఆ లేబుళ్లే లిబర్టీ కాపీలకి అతికించేశారు. అందుకని లేబుల్ పాతదే, సౌండ్ ఇంజనీర్ వాన్ గెల్డర్ ముద్ర కూడా ఉంది, చెవి మాత్రం లేదు అంటే చాలాసార్లు అది లిబర్టీ కాపీ. సౌండ్ బాగానే ఉంటుంది, రేటు మాత్రం చెవి ఉన్నదాని రేటు ఇవ్వక్కర్లేదు. 1950ల తొలి రికార్డుల్లో చెవి లేని ఒరిజినల్స్ కూడా ఉన్నాయి, అక్కడ ఈ రూలు గుడ్డిగా వాడకండి.

ఇంకో వరస పూర్తిగా చూద్దాం. పియానిస్ట్ బిల్ ఎవాన్స్ ట్రయో 1961 జూన్ 25న న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించింది, తర్వాత పదకొండు రోజులకి బాస్ వాయించిన స్కాట్ లఫారో యాక్సిడెంట్‌లో పోయాడు. ఆ రోజు టేపులు రివర్‌సైడ్ కంపెనీవి, బిల్ గ్రౌవర్, ఓరిన్ కీప్‌న్యూస్ కలిసి 1953లో పెట్టింది. వాటిలోంచి వచ్చిన మొదటి ఎల్పీకి మోనో నంబరు 376, స్టీరియో నంబరు 9376. 1963 చివర్లో గ్రౌవర్ చనిపోయాడు, మరుసటి ఏడాదే కంపెనీ దివాలా. కొన్నాళ్లు ఆర్ఫియమ్ ప్రొడక్షన్స్ అనే పేరుతో ఏబీసీ రికార్డ్స్ ద్వారా రీఇష్యూలు వచ్చాయి, లేబుల్ మీద మాత్రం రివర్‌సైడ్ అనే ఉంటుంది, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 1972లో టేపులు ఫాంటసీ చేతికొచ్చాయి, తమాషా ఏటంటే కీప్‌న్యూస్ కూడా ఆ ఏడాదే ఫాంటసీలో ఉద్యోగానికి చేరాడు, అంటే తను రికార్డు చేయించినవాటినే వేరేవాళ్ల సొత్తుగా మళ్లీ రిలీజ్ చేయించాడన్నమాట. ఫాంటసీ ముందు మైల్‌స్టోన్ లేబుల్ మీద రెండు ఎల్పీల సెట్టుగా వేసింది, 1980ల్లో ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్ సిరీస్‌లో ఓజేసీ 140గా పాత అట్టతో వేసింది. ఫాంటసీని 2004లో కాంకర్డ్ కొనింది, ఇప్పుడు వచ్చేవి దాని క్రాఫ్ట్ రికార్డింగ్స్ పేరు మీద వస్తున్నాయి.

అట్ట ముందు వైపు ఒకేలా ఉన్న ఈ కాపీల తేడా వెనక అడుగున చిన్న అక్షరాల్లో దొరుకుతుంది. బెర్క్‌లీలో టెన్త్ అండ్ పార్కర్ అని అడ్రస్ ఉంటే అది ఫాంటసీ. గుండ్రంలో ఇంగ్లిష్ పి అక్షరం, పక్కన సంవత్సరం, పేరు ఉంటే ఆ సంవత్సరంలో రికార్డింగ్ హక్కు తమదని చెప్పుకున్నది ఆ పేరువాళ్లు. అమెరికాలో 1972 ఫిబ్రవరి నుంచే సౌండ్ రికార్డింగులకి ఫెడరల్ కాపీరైట్ వచ్చింది, కాబట్టి 1961 నాటిది అని చెప్పి అమ్మే అమెరికా కాపీ మీద ఆ గుండ్రం పి ఉంటే అనుమానించండి. నా మట్టుకు ఓజేసీ ఎల్పీలే డబ్బుకి తగ్గ సరుకు.

వెర్వ్, ఇంపల్స్ అనే జాజ్ లేబుళ్ల వరస ఈజీ. వెర్వ్ నార్మన్ గ్రాంజ్ నుంచి ఎంజీఎంకి, 1972లో పాలిగ్రామ్‌కి, 1998లో యూనివర్సల్‌కి పోయింది. ఇంపల్స్ ఏబీసీది, 1979లో ఎంసీఏ కొనింది, అదీ యూనివర్సల్లోనే తేలింది. అప్పట్లో పోటీ పడిన లేబుళ్లు ఇప్పుడు ఒకే గొడుగు కింద ఉన్నాయి.

మన దేశంలో మెలిక పెట్టేది కొలంబియా. అటక మీద పాత తెలుగు సినిమా పాటల రికార్డుల మీద కొలంబియా అని చూసి జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ రికార్డులేసిన కొలంబియా ఇదేనేటి అని అడుగుతుంటారు. కాదు. అమెరికా కొలంబియా 1938లో సీబీఎస్ చేతికి, 1988లో సోనీ చేతికి పోయింది. బ్రిటన్ కొలంబియా 1931లో గ్రామఫోన్ కంపెనీతో కలిసి ఈఎంఐ అయింది, మన కోల్‌కతా డమ్‌డమ్ ఫ్యాక్టరీ రికార్డులు ఆ వంశానివి, ఆ ఇండియా కంపెనీయే ఇప్పటి సారెగమ. అందుకే సీబీఎస్ తన రికార్డుల్ని బ్రిటన్‌లో కొలంబియా పేరుతో అమ్ముకోలేక ముందు ఫిలిప్స్ మీద, తర్వాత సీబీఎస్ అనే పేరు మీద వేసింది.

వెతకడానికి డిస్కాగ్స్ అనే రికార్డుల వివరాల వెబ్‌సైట్‌లో లేబుల్ పేజీతో పాటు ఒక్కో రిలీజ్ కింద ఉండే కంపెనీల లిస్టు చూడండి, ప్రెస్ చేసినవాళ్లు, హక్కుదారు, లైసెన్స్ ఇచ్చినవాళ్లు విడివిడిగా ఉంటారు. జపాన్ కాపీలకి ఇది బాగా పనికొస్తుంది, బ్లూ నోట్‌ని అక్కడ ముందూ వెనకా కింగ్, తోషిబా వేశాయి, వాళ్లకి ఉన్నది లైసెన్సే. డిస్కాగ్స్ మనలాంటోళ్లు నింపిందే కాబట్టి అమ్మకం సంవత్సరాన్ని గూగుల్ బుక్స్‌లో ఉన్న బిల్‌బోర్డ్ అనే సంగీత వ్యాపార పత్రిక పాత సంచికల్లో సరిచూసుకోండి, బేరం నడుస్తోందన్న వార్తకీ రిజిస్ట్రేషన్ అయిన వార్తకీ నెలల తేడా ఉంటుంది, రెండోదే రాసుకోండి. ఎక్సెల్‌లో సంవత్సరం, ఎవరి నుంచి ఎవరికి, రుజువు అని పెట్టుకుని, రుజువు దొరకని గడి ఖాళీగా వదిలేయండి.

హక్కు ఉన్నంత మాత్రాన టేపు ఉందని కాదు. అట్లాంటిక్ కంపెనీ టేపులు చాలా 1978లో న్యూజెర్సీ గోడౌన్ మంటల్లో పోయాయి, 2008 జూన్ 1న యూనివర్సల్ స్టూడియోస్‌లో కూడా టేపులు కాలాయి. అందుకే రీఇష్యూ అట్ట మీద ఏ టేపు నుంచి కోశారో (అంటే సౌండుని రికార్డు గాడులుగా చెక్కారో), ఎవరు కోశారో రాశారా అని చూడండి.

చివరాఖరికి యూరప్ కాపీలు. అక్కడ రికార్డింగ్ హక్కు 50 ఏళ్ల నుంచి 70కి పెంచారు గానీ అప్పటికే గడువు తీరిపోయినవాటికి, అంటే 1963కి ముందు రిలీజైనవాటికి, వర్తించలేదు. కాబట్టి 1950ల జాజ్‌ని అక్కడ రికార్డింగ్ ఓనర్ని అడక్కుండానే ఎవరైనా వేసుకోవచ్చు, సీడీ నుంచి కోసి వేసినా అడిగేవాడు లేడు. కొత్త బరువైన వినైల్, మెరిసే అట్ట, వెనక అడుగున పాత కంపెనీ పేరు గానీ లైసెన్స్ లైను గానీ లేదు అంటే అలాంటిదే అయ్యుండొచ్చు. వినడానికి కావాలంటే తక్కువలో వస్తే తీసుకోండి, రీఇష్యూనే ఒరిజినల్ అంటూ నాలుగు వేలు చెప్తే దండం పెట్టేయండి.