గోడ ప్లాస్టరింగ్ నునుపుగా రావాలంటే

నునుపు చివరి తాపీతో వస్తుందని చాలామంది అనుకుంటారు కానీ, నిజానికి అది గోడను సిద్ధం చేయడంతోనే మొదలవుతుంది. ఇటుకల మీది దుమ్మును, వదులుగా ఉన్న మాలును (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్దను) గీకి, గోడను ముందుగానే బాగా తడపాలి. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చేస్తే పూత పట్టు కోల్పోయి పగుళ్లిస్తుంది. అయితే పూత వేసే సమయానికి గోడపై నీరు కారుతూ ఉండకూడదు. కాంక్రీటు, ఇటుక కలిసే చోట వలలాంటి జాలీ తప్పనిసరిగా కొట్టించాలి.

లోపలి గోడలకు జల్లించిన సన్న ఇసుకతో 1:6 పాళ్లలో (ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక) కలిపిన మాలు, సుమారు 12 మిల్లీమీటర్ల మందం సరిపోతాయి. నీళ్లు పోసిన మాలును అరగంటలోపే వాడేయడం మంచిది.

మాలు పూశాక, నిలువు చూసే తూకం గుండుతో ముందే సరిచూసి పెట్టిన గుర్తుల ఆధారంగా అల్యూమినియం బద్దను కింది నుంచి పైకి, కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ లాగి, మిగిలిన గుంటలను వెంటనే నింపాలి. ఆ తర్వాత కాస్త ఓపిక పట్టాలి. వేలితో నొక్కితే స్వల్పంగా గుర్తు పడుతూ, వేలికి మాలు అంటని దశలోనే చెక్క తాపీతో గుండ్రంగా రుద్ది, చివరగా ఇనుప తాపీని తేలికగా నడపాలి. త్వరగా ఆరాలని పొడి సిమెంటు చల్లితే పైపొర వెంట్రుకవాసి పగుళ్లిస్తుంది కనుక, ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. మరునాటి నుంచి కనీసం 7 రోజులు గోడను తడిగా ఉంచాలి.