అండమాన్‌లో బోటెక్కే ముందు: చెన్నై నుంచి గుంపుగా వెళ్లేవాళ్లకి

మా వేళచ్చేరి అపార్ట్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలు పదకొండు. ఏటా సంక్రాంతి వెళ్లాక అందరం కలిసి ఎక్కడికో ఒకచోటికి పోయి రావడం అలవాటు. ఈసారి అండమాన్ అన్నారు. మేడ మీద మీటింగ్ పెడితే గంటన్నర సేపు హోటల్ గురించే నడిచింది. గదికి ఎంతమంది, టిఫిన్ వాళ్లే ఇస్తారా, పిల్లలకి పెరుగన్నం దొరుకుతుందా. బోటు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. "అది ప్యాకేజీలో ఉంది కదండీ" అన్నారు, అంతే.

నాకు టెన్షన్ అక్కడే మొదలైంది. ఇద్దరు వెళ్తే ఒకరినొకరు చూసుకుంటారు. ఇరవై ముగ్గురు వెళ్తే ప్రతివాళ్లూ ఇంకెవరో చూసుకుంటున్నారులే అనుకుంటారు. సముద్రం కంటే నాకు ఆ ధీమా అంటేనే భయం. అందుకే ఈ జాగ్రత్తలు రాసి పెడుతున్నాను. మేం వెళ్లేది జాలీ బాయ్ దీవికి. పోర్ట్ బ్లెయిర్ నుంచి వండూరు దాకా రోడ్డు మీద గంట, అక్కడినుంచి బోటులో దాదాపు ఇంకో గంట. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. బుక్ చేసేటప్పుడు రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడకండి.

ముందు తేదీలు. చెన్నైవాళ్లకి సెలవులంటే డిసెంబరు, లేకపోతే మే. బంగాళాఖాతానికి ఈ రెండూ మంచి నెలలు కావు. డిసెంబరు సగం దాకా తుపానుల భయం ఉంటుంది. 2016 డిసెంబరు 12న వార్దా తుపాను మన చెట్లన్నీ ఎలా పడగొట్టిందో ఇక్కడున్నవాళ్లెవరూ మరిచిపోరు. అదే తుపాను చెన్నైకి రాకముందు, ఇంకా వాయుగుండంగా ఉన్నప్పుడే, హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా టూరిస్టులను రోజుల తరబడి ఇరికించేసింది. బోట్లు ఆగిపోతే చివరికి నేవీ ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. మే సంగతి చాలామందికి తెలియదు. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందు తాకేది అండమాన్‌నే. మామూలుగా మే 20 దాటితే అక్కడ వానలు మొదలు. పిల్లల స్కూలు తెరవకముందు ఒక్క వారం అని మే చివర్లో బుక్ చేసుకుంటే ఆ వారం హోటల్ కిటికీలోంచి సముద్రం చూసి రావడమే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం మెత్తగా ఉంటుంది.

ఏ నెలలో వెళ్లినా బోటు రోజునీ, తిరుగు ఫ్లైట్ రోజునీ పక్కపక్కన పెట్టకండి. మధ్యలో ఒక ఖాళీ రోజు ఉంచండి. ఖర్చే, కాదనను. కానీ రేపు ఫ్లైట్ ఉందని ఈరోజు గాలిలో బోటెక్కే పరిస్థితి రాకుండా ఉంటుంది.

వెళ్లేముందు మూడు రోజులు వాతావరణ శాఖ వార్త, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ వాళ్లు ఇచ్చే అలల హెచ్చరిక చూడండి. ఎండ బాగా కాస్తోంది, ఇంకేం భయం అనుకోవద్దు. ఎక్కడో దక్షిణాన వేల కిలోమీటర్ల దూరంలో గాలులు రేపిన అలల ఉబ్బు ఇక్కడి ఒడ్డుకి చడీచప్పుడూ లేకుండా వచ్చేస్తుంది. మలయాళంలో దాన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని. 2024 మే 6న కన్యాకుమారి జిల్లాలో అయిదుగురు వైద్య విద్యార్థులు నీళ్లలో కొట్టుకుపోయి చనిపోయినప్పుడు కూడా అలాంటి హెచ్చరికే అమల్లో ఉంది.

ఇక బోటు. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఆక్వా మెరైన్ అనే టూరిస్టు బోటు మునిగి 21 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మన పక్క కాంచీపురం నుంచి గుంపుగా వెళ్లినవాళ్లే. పాతికమందికి అనుమతి ఉన్న బోటులో నలభై మందికి పైగా ఎక్కారు. అప్పుడు తుపానూ లేదు, రాత్రీ కాదు. అంతకుముందు 2011 క్రిస్మస్ రోజున పులికాట్‌లో పిక్నిక్‌కి వెళ్లిన కుటుంబాల పడవ తిరగబడినప్పుడూ 22 మంది పోయారు. అదీ పట్టపగలే.

కాబట్టి జెట్టి మీద నిలబడి చూడాల్సింది ఒకటే అంకె. ఎంతమందికి అనుమతి అన్నది బోటు మీదే రాసి ఉండాలి. కనబడకపోతే బోటు నడిపే సరంగుని అడగండి. అక్కడ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు రావచ్చు. ఆ అంకె దాటి ఒక్కరు ఎక్కినా మీరు దిగిపోండి. చంకలో పసిపిల్లని కూడా ఒకరిగానే లెక్కపెట్టండి.

చెప్పడం తేలికే, చేయడమే కష్టం. పొద్దున నాలుగున్నరకి లేచి, తలలు దువ్వుకుని, అంత దూరం వచ్చి, డబ్బు కట్టేసి ఉన్నప్పుడు "ఈ బోటు వద్దు" అనడానికి ఎవరికీ నోరు రాదు. పదిమందిలో పిరికివాడనిపించుకోవడం ఎవరికిష్టం? అందుకని ఆ మాట అనే హక్కు చెన్నైలో ఉండగానే ఒకరికి ఇచ్చేయండి. వాళ్లు వద్దంటే వద్దే. కారణం అడగకూడదు, ముఖం మాడ్చుకోకూడదు, డబ్బు పోయిందని తర్వాత దెప్పకూడదు. మా గుంపులో ఆ పని మూడో అంతస్తు పిన్నిగారికి అప్పగించాం. ఆవిడకి ఈత రాదు, సముద్రమంటే గుండెదడ. ఉత్సాహవంతులకి అప్పగిస్తే లాభం లేదు.

లైఫ్ జాకెట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దాన్ని ఫొటో కోసం వేసుకుని, ఫొటో అవగానే ఉక్కపోస్తోందని విప్పి సీటు కింద పెట్టేస్తారు. కొందరు చొక్కాలా భుజాన వేసుకుని బకిల్స్ వదిలేస్తారు. బకిల్ పెట్టని జాకెట్ నీళ్లలో పడగానే తల మీదుగా ఊడిపోతుంది, మనిషి కిందికి, జాకెట్ పైకి. సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి చిన్న పరీక్ష ఉంది. బకిల్స్ అన్నీ బిగించాక, వెనక నిలబడి రెండు భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగండి. గడ్డం, చెవులు దాటి పైకి వస్తే అది వదులు. పిల్లలకి తప్పకుండా ఈ పరీక్ష చేయండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి తొడిగి తాడుతో కట్టేయడం కుదరదు. పిల్లల సైజు ఎన్ని ఉన్నాయో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. రెండేళ్ల లోపు పిల్లలకి సరిపోయేది దొరకడమే కష్టం. వాళ్లతోపాటు ఒకరు హోటల్లో ఉండిపోవడం మేలని నా అభిప్రాయం. మా ఇంట్లోనే దీనికి ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

చెప్పులు వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. రంగనాథన్ వీధిలో నూటయాభైకి దొరికే జారుడు చెప్పులు తడి చెక్క మీద పనికిరావు. ఆడవాళ్లు చీర బదులు చుడీదార్ వేసుకుంటే మంచిది. మా అత్తయ్యగారు ఇప్పటిదాకా చీర తప్ప వేరేది కట్టలేదు, అయినా ఈ ఒక్కరోజుకి ఒప్పుకున్నారు. ఎందుకంటే జాలీ బాయ్‌లో జెట్టి లేదు. పెద్ద బోటు దూరంగా ఆగుతుంది. అక్కడ ఊగుతున్న బోటులోంచి ఊగుతున్న అడుగున అద్దం ఉన్న ఇంకో చిన్న గ్లాస్ బాటమ్ బోటులోకి దిగాలి, ఆ తర్వాత ఒడ్డు దగ్గర నీళ్లలోకి కాలు పెట్టాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టమంతా ఇక్కడే. చేతిలో సంచీ, ఫోన్, మనవడు ఏదీ ఉండకూడదు. రెండు చేతులూ ఖాళీ. బోటు అలతో పైకి లేచినప్పుడు అడుగు వేయాలి, కిందికి జారుతున్నప్పుడు కాదు. సిబ్బంది చేయి ఇస్తే అరచేయి కాదు, మణికట్టు పట్టుకోమనండి. తడి అరచేతులు జారిపోతాయి.

డాల్ఫిన్ కనబడిందని ఎవరో అరుస్తారు. అందరూ ఒకే పక్కకి లేచి వెళ్తారు. వెళ్లకండి. చిన్న బోటు ఒరిగిపోవడానికి అది చాలు.

ఖాళీ కడుపుతో బోటెక్కితే తిప్పదు అనుకోవడం పొరపాటు. గట్టిగా తిన్నా కష్టమే. రెండు ఇడ్లీలు చాలు, పూరీ కూర వద్దు, ముందురోజు రాత్రి మందు కొట్టడం అసలే వద్దు. బోటు మధ్యలో, కింది వరుసలో కూర్చుని దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసేచోటికి చూస్తూ ఉండండి. ఫోన్‌లోకి చూశారో, అయిపోయింది. వాంతుల మాత్ర వేసుకునేవాళ్లు బోటు కదలడానికి గంట ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే అది కూడా బయటికి వచ్చేస్తుంది. అవోమిన్ లాంటివి నిద్రమత్తు తెస్తాయి కాబట్టి అది వేసుకున్నవాళ్లు ఈతకి దిగకూడదు. పిల్లలకి, గర్భిణులకి, బీపీ మందులు వాడేవాళ్లకి చెన్నైలోనే డాక్టర్‌ని అడగండి. అల్లం మురబ్బా, ఉప్పు అద్దిన నిమ్మబద్ద మా అమ్మ పద్ధతి. నాకు పనిచేస్తుంది.

జాలీ బాయ్ మహాత్మా గాంధీ జాతీయ సముద్ర పార్కులో భాగం. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, ప్రతివాళ్ల గుర్తింపు కార్డు జిరాక్స్ కావాలి. ప్లాస్టిక్‌ని ఒప్పుకోరు. చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, కవర్లు జెట్టి దగ్గరే ఆపేస్తారు. దీవి మీద దుకాణం ఉండదు కాబట్టి తిండీ నీళ్లూ మనమే మోసుకెళ్లాలి. స్టీలు డబ్బాల్లో పులిహోర పెట్టుకోండి, పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, స్టీలు సీసాల్లో. బరువని ఇక్కడ తగ్గించుకుంటే అక్కడ పన్నెండు గంటలకి బాధపడతారు.

ఒడ్డున లోతు తక్కువగా, నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. మెరీనాలో మోకాలి లోతుకి వెళ్లినా పోలీసులు విజిల్ వేస్తారు కదా, ఇక్కడ అంత హడావిడి లేదని రెచ్చిపోకండి. నీళ్లలో దిగేవాళ్లు జంటలుగా దిగాలి, ఇద్దరిలో ఒకరు బయటికొస్తే రెండోవాళ్లూ రావాలి. ప్రతి నలుగురు పిల్లలకీ ఒడ్డున ఒక పెద్దవాళ్లు, అరగంటకొకరు చొప్పున వంతులు వేసుకుని, ఆ అరగంటా ఫోన్ ముట్టకుండా. "అందరం ఇక్కడే ఉన్నాం కదా" అన్నచోట ఎవరూ చూడటం లేదని లెక్క. నీళ్లలో తల పెట్టి ఊపిరి పీల్చే గొట్టం, స్నార్కెల్ పెట్టుకున్నప్పుడు పగడాల మీద నిలబడొద్దు. కాళ్లు కోసుకుంటాయి, అవి విరిగితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. జెల్లీ చేప తగిలితే ఇసుకతో రుద్దకండి, మంచినీళ్లు పోయకండి. సముద్రపు నీళ్లతోనే కడిగి సిబ్బందికి చూపించండి. తిరుగుదారిలో వండూరు బీచ్ బాగుందని దిగబోతారేమో, అక్కడ మొసళ్ల హెచ్చరిక బోర్డులుంటాయి. ఉప్పునీటి మొసళ్లు ఉన్న చోటది, బోర్డు అలంకారానికి పెట్టలేదు.

ఆ దీవుల్లో గడియారం మనదే, సూర్యుడు మనవాడు కాదు. బాగా తూర్పున ఉండటం వల్ల డిసెంబరులో సాయంత్రం అయిదుకే పొద్దు గుంకుతుంది. అందుకే బోట్లు మధ్యాహ్నమే వెనక్కి తిప్పేస్తారు. ఇంకో పది నిమిషాలు అని సరంగుని బతిమాలకండి.

ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టడం గురించి నా తప్పే చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఆఫీసు గుంపుతో ఇలాగే వేరే దీవికి వెళ్లాం. పదిహేడుమందిమి. తిరిగి వచ్చేటప్పుడు లెక్కపెట్టింది నేనే. పదిహేడు వచ్చింది, బయల్దేరమన్నాను. తీరా వంద గజాలు పోయాక ఒకావిడ "మావారేరండీ?" అంది. ఆయన బట్టలు మార్చుకునే గదిలో ఉన్నాడు. నా పదిహేడులో ఒకడు పక్క గుంపు అబ్బాయి. అప్పటినుంచి అంకెలు మానేశాను, కాగితం మీద పేర్లు రాసుకుని పిలుస్తాను, పిలిచినవాళ్లు నోటితో పలకాలి. పక్కవాళ్లు "ఉన్నాడులే" అంటే చెల్లదు. ఆ కాగితం ఒకటి నా దగ్గర, ఒకటి హోటల్ రిసెప్షన్‌లో. చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేసి 2020లో అండమాన్‌కి ఇంటర్నెట్ ఇచ్చారు గానీ, దీవి మీద ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. బోటులో వైర్‌లెస్ సెట్ ఉందా అని అడగండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, పెద్దపిల్లల చేత కూడా బట్టీ పట్టించండి.

స్కూబా డైవింగ్ చేయాలనుకునేవాళ్లు దాన్ని మొదటి రోజుల్లోనే పెట్టుకోండి. డైవింగ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, విమానం పైకి వెళ్లాక ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. జలుబు ఉంటే చెవులు పోతాయి, ఆ రోజుకి మానుకోండి.

చివరగా పిల్లల జేబులు. గవ్వలు, పగడపు ముక్కలు ఏరడం అక్కడ వన్యప్రాణి చట్టం కింద నేరం, విమానాశ్రయంలో స్కానర్ కింద కనిపిస్తాయి. దీవి మీదే ప్రతి జేబూ తిరగేసి, ఇసుకతో సహా అక్కడే దులిపించండి. మా ఎదురింటి ఆరేళ్లవాడికి ఇప్పటినుంచే చెబుతున్నాం. "ఒక్కటి?" అంటున్నాడు.