వింత పాత కత్తి ఎక్కడిదో తేల్చడం: అలుగు వేరు, పిడి వేరు

అటక మీదో, జుమేరాత్ బజార్‌లోనో దొరికిన కత్తికి చాలామంది పిడిని చూసి ఊరు కట్టేస్తారు. దక్కన్ కత్తుల దగ్గర ఆ లెక్క తప్పుతుంది. వంపు తిరిగిన మన కత్తి, తల్వార్, పిడి లోపల బోలు. అందులో లక్క నింపి అలుగు (కత్తి కోసే భాగం) తోకను దింపుతారు. వేడి తగిలితే లక్క మెత్తబడుతుంది కాబట్టి పిడులు మార్చడం తేలిక. అందుకే రెండిటి పుట్టుకనూ విడివిడిగా వెతకాలి.

ముందు దాన్ని మెరిపించకండి. చింతపండు, నిమ్మకాయ, ఇసుక కాగితం తగిలితే ఉక్కు మీది నీటి చారలు (అలల్లాంటి సహజ గీతలు), బంగారు పూత పోతాయి. మనకు కావలసిన ఆధారాలే అవి. మెత్తటి గుడ్డకు రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె అద్ది రాలే తుప్పు మాత్రం తీయండి. పిడిని వేడి చేసి ఊడదీయవద్దు.

పది రెట్లు చూపే భూతద్దం, వెర్నియర్ కాలిపర్, అయస్కాంతం, టార్చి చాలు. అలుగు వీపు మందం పిడి దగ్గర, నడుమ, మొనకు నాలుగంగుళాల ముందు కొలవండి. కమ్మరి సాగగొట్టిన పాత అలుగు మొన వైపు సన్నబడుతూ పోతుంది. రేకు కోసి చేసిన అలంకారపు కత్తికి మూడు చోట్లా దాదాపు ఒకే మందం వస్తుంది.

తర్వాత పిడిని ఆనుకున్న అలుగు భాగం చూడండి. పదును అక్కడ మొదలవకుండా కొంత మేర మొద్దుగా వదిలి ఉంటే హిందుస్థానీ పనితనానికి బలమైన గుర్తు. షంషీర్లనే పారశీక వంపు కత్తుల్లో ఆ మొద్దు భాగం సాధారణంగా కనిపించదు. ఉక్కులోని నీటి చారలను బట్టి మాత్రం దేశం చెప్పకండి: నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కును పారశీక వర్తకులే వచ్చి కొనుక్కెళ్లేవారు. చారలు అసలువా, ఆమ్లంతో గీసినవా అన్నది భూతద్దం కింద చూడాలి. ఒకే నమూనా అచ్చు గుద్దినట్టు తిరిగి తిరిగి వస్తుంటే అనుమానించండి.

అలుగు తిన్నగా, సన్నటి గాడులతో ఉండి పిడి మాత్రం దేశవాళీ అయితే అది ఫిరంగీ కావచ్చు, అంటే యూరప్ అలుగుకు ఇక్కడి పిడి. గాడుల దగ్గర టార్చిని ఏటవాలుగా పట్టి ముద్రలు వెతకండి. పరుగెత్తే తోడేలు జర్మనీలోని పాసౌ, జోలింగెన్‌ల ముద్ర. రంపపు పళ్లున్న జంట అర్ధచంద్రాలు జెనోవావి, కానీ వాటిని ఇక్కడి కమ్మరులూ కొట్టేవారు. ఆ ముద్ర ఒక్కటే రుజువు కాదు. వీపు మీద అంకెలుంటే ఇంగ్లండ్ కత్తుల సంస్థ విల్కిన్సన్ వరుస సంఖ్య అయ్యే వీలుంది. ఆ సంస్థ చిట్టా 1854 నుంచి మొదలవుతుంది.

పిడి సంగతి: పళ్లెంలాంటి గుండ్రటి తల తల్వార్‌ది. చేతిని కాచే వెడల్పు రేకు, తలపై పొడవాటి ములుకు ఉంటే ఖండా అనే తిన్నటి కత్తి పిడి. ఫిరంగీలకూ ఇదే ఎక్కువ. బంగారు తీగ పని ఊడిన చోట అడుగున గళ్లుగళ్లుగా గీతలు కనిపిస్తే కోఫ్తగరీ, అంటే గీతలు గీసిన ఉక్కు మీద తీగను కొట్టి అతికించే పని. గీతల్లేకుండా నున్నగా పసుపు రంగు మాత్రమే ఉంటే పూత. వెండి అనుకున్న పిడికి అయస్కాంతం అంటుకుంటే లోపలిది ఇనుము.

రాతలుంటే దగ్గరగా, స్పష్టంగా ఫోటో తీసి హైదరాబాద్ ఛత్తా బజార్ ఉర్దూ కాతిబ్‌లకు (చేతిరాత లేఖకులకు) చూపండి. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే సుమారుగా క్రీస్తు శకం దొరుకుతుంది: 1200 అంటే 1786 ప్రాంతం. పేరున్న పారశీక కత్తుల కమ్మరి అసదుల్లా ఇస్ఫహానీ సంతకం చూసి పొంగిపోవద్దు, ఆ పేరు ఆయన తర్వాతి తరాల అలుగుల మీదా విరివిగా ఉంది. చుక్కలతో పొడిచిన దేవనాగరి అక్షరాలైతే రాజస్థాన్‌లోని బికనేర్ ఆయుధశాల కోణం వదలకండి. 1689లో ఆదోని పట్టుబడినప్పుడు బికనేర్ రాజు అనూప్ సింగ్ చేతికి దక్కిన కత్తులు చాలా అక్కడికి చేరాయి. అలాంటిది బికనేర్ గుర్తుతో ఉన్నా పుట్టుక దక్కన్ కావచ్చు.

మీ కొలతలు, ఫోటోలు పట్టుకుని సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ఆయుధాలతో పోల్చుకోండి. కత్తిని మాత్రం మోసుకెళ్లొద్దు: 9 అంగుళాలు దాటిన అలుగు ఆయుధ చట్టం పరిధిలోకి వస్తుంది, మీ ఠాణాలో ముందే అడగండి. నూరేళ్లు దాటినదాన్ని 1972 పురావస్తు చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. వెల కట్టే బేరగాడు ఆ దారి చూపిస్తే అక్కడే ఆగిపోండి.