ఎఫ్ఎం రేడియో నెట్‌వర్క్ చరిత్రను, దాని పేరు మార్పులను రాసుకోవడం ఎలా

గోదావరి జిల్లాల్లో టీ కొట్టులోనో, షేర్ ఆటోలోనో రోజంతా మోగే ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్ చరిత్ర రాయాలనుకునేవారు సాధారణంగా దాని పేరుతో మొదలుపెట్టి అక్కడే దారి తప్పుతారు. ఈ వ్యాపారంలో అన్నిటికంటే తేలిగ్గా మారేది పేరే. కాబట్టి ముందుగా ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసుకుని, ఫ్రీక్వెన్సీ అంకెను, ప్రభుత్వ అనుమతి పొందిన కంపెనీని, దాని వెనుక ఉన్న గ్రూపును, శ్రోతలకు వినిపించిన పేరును విడివిడిగా రాసుకోవాలి. ఈ నాలుగింటిలో ఏది మారినా కొత్త వరుస మొదలుపెట్టాలి.

ఉదాహరణకు రాజమహేంద్రవరంలోని 93.5ను తీసుకుందాం. సన్ గ్రూపు నడిపిన ఈ స్టేషన్ మొదట ఎస్ ఎఫ్ఎం పేరుతో వినిపించి, తర్వాత రెడ్ ఎఫ్ఎంగా మారింది. అయితే రెడ్ ఎఫ్ఎం అనే పేరు ఈ స్టేషన్ కంటే పాతది. 2002లో ఇండియా టుడే గ్రూపు ముంబై, ఢిల్లీ, కోల్‌కతా నగరాల్లో ఆ పేరుతో స్టేషన్లు నడిపింది. ఆ తర్వాత ఆ గ్రూపు తప్పుకుంది, సన్ గ్రూపు అందులో భాగస్వామిగా చేరింది, చివరికి ఆ పేరు మన ఊరి దాకా వచ్చింది. ఈ సంగతి పట్టించుకోకపోతే "రాజమండ్రిలో రెడ్ ఎఫ్ఎం 2002లో మొదలైంది" అని రాసేస్తాం. పేరు వయస్సు వేరు, స్టేషన్ వయస్సు వేరు.

దీనికి పూర్తిగా ఎదురు కథ పెద్ద నగరాల్లో వినిపించిన 104.8ది. రెడ్ నుంచి తప్పుకున్న ఇండియా టుడే గ్రూపు 2007లో ఆ అంకె మీద మహిళల కోసం మియావ్ ఎఫ్ఎం ప్రారంభించింది. అది తర్వాత ఓయే అయింది, ఆపైన ఇష్క్ అయింది. గ్రూపు అదే, అంకె అదే, పేర్లు మాత్రం మూడు. మొదటిదాంట్లో ఎక్కడో పుట్టిన పేరు మన స్టేషన్ మీదికి వచ్చింది, రెండోదాంట్లో ఉన్నచోటనే పేరు మారుతూ పోయింది. మీరు పరిశీలిస్తున్న మార్పు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో తేల్చుకోకుండా తేదీల జోలికి వెళ్లకండి.

తేదీలకు ఆధారం ప్రైవేటు ఎఫ్ఎంలకు ప్రభుత్వం అనుమతులిచ్చిన దశలే. 1993లో ఆకాశవాణి తన ఎఫ్ఎంలో కొన్ని గంటలను ప్రైవేటు సంస్థలకు అమ్మింది. టైమ్స్ ఎఫ్ఎం ఆ కాలం నాటి పేరు, అదే గ్రూపు తర్వాత రేడియో మిర్చిని తెచ్చింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2001 జూలై 3న బెంగళూరులో ప్రైవేటు స్టేషన్ రేడియో సిటీ మొదలైంది. మొదటి దశ అనుమతుల్లో నిర్ణీత రుసుము ఏటా 15 శాతం చొప్పున పెరిగేది. ఆ భారం మోయలేక చాలామంది వెనక్కి తగ్గారు. 2005 నాటి రెండో దశలో ఏటా పెరిగే ఆ రుసుముకు బదులు ఒకసారి ప్రవేశ రుసుము, ఆపైన ఏటా ఆదాయంలో 4 శాతం తీసుకోవడం మొదలుపెట్టారు. విజయవాడ, తిరుపతి, వరంగల్‌లలో లాగే రాజమండ్రిలోనూ ప్రైవేటు స్టేషన్లు ఈ దశలోనే వచ్చాయి. కాబట్టి 2003 పుష్కరాల్లో ఇక్కడ ప్రైవేటు ఎఫ్ఎం విన్నానని ఎవరైనా చెబితే, వారు విన్నది బహుశా ఆకాశవాణి అయి ఉంటుంది.

పుష్కరాల ప్రస్తావన ఊరికే తేలేదు. "ఏ సంవత్సరం?" అని అడిగితే ఎవరూ నికరంగా చెప్పలేరు, "పుష్కరాలకు ముందా, తర్వాతా?" అని అడిగితే కోనసీమలో ఏ దుకాణదారుడైనా తడుముకోకుండా చెబుతాడు. 2015 జూలై పుష్కరాలు ముగిసిన కొద్ది రోజులకే మూడో దశ వేలం మొదలైంది, ఆ ఏడాదే నగరం పేరు అధికారికంగా రాజమహేంద్రవరంగా మారింది. అందువల్ల పాత కాగితాలను వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకాలి. 2022లో జిల్లాలు విడిపోయాయి కనుక, అంతకు ముందు తూర్పుగోదావరి అని రాసి ఉన్నచోట కాకినాడ, అమలాపురం కూడా కలిసే ఉంటాయని గుర్తుంచుకోవాలి. ప్రైవేటు ఎఫ్ఎం కోసం 2024లో కేంద్రం కొత్తగా ఆమోదించిన 234 నగరాల జాబితాలో కాకినాడ, భీమవరం ఉన్నాయి. అక్కడివారు ఈ నోటుపుస్తకాన్ని మొదటి రోజు నుంచే రాసుకోవచ్చు.

కాగితపు ఆధారాల కోసం స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీల వార్షిక నివేదికలు చూడండి. వాటిలో స్టేషన్ల జాబితా సాధారణంగా ఉంటుంది. పేరు మారిన వారంలో స్థానిక పత్రికల్లో ప్రకటనలు వచ్చి ఉండవచ్చు కనుక రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల పాత సంపుటాలు అడిగి చూడండి. అన్నిటికంటే విలువైనవి మాత్రం పాత ఫోన్ల మెమరీ కార్డుల్లో మిగిలిన రికార్డింగులు. పాట కోసం రికార్డు చేసుకున్నవారికి తెలియకుండానే, పాటకు ముందు వచ్చే జింగిల్‌లో స్టేషన్ పేరు, అంకె దొరుకుతాయి. నాకైతే వార్షిక నివేదిక కంటే ఆ నాలుగు సెకన్ల జింగిల్ మీదే ఎక్కువ నమ్మకం. అయితే ఫైలు తేదీని మాత్రం నమ్మవద్దు. ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు ఎక్కించినప్పుడు అది మారిపోవచ్చు. జింగిల్ పక్కన వచ్చిన దుకాణం ప్రకటనో, సినిమా ప్రకటనో విని కాలాన్ని నిర్ణయించుకోండి. రెండు ఆధారాలు రెండు తేదీలు చెబితే, ఒకదాన్ని కొట్టివేయకుండా, ఏది ఎవరు చెప్పారో పక్కన రాసి రెండింటినీ గడిలోనే ఉంచండి.