తపస్కాలంలో నిరాడంబరత కనికరంగా మారాలంటే

తపస్కాలం అంటే ఈస్టరు పండుగకు ముందు క్రైస్తవులు పాటించే ఉపవాస, ప్రార్థనల కాలం. అది మొదలయ్యే విభూతి బుధవారం నుంచి ఈస్టరుకు ముందురోజైన పవిత్ర శనివారం వరకు 46 రోజులుంటాయి. వాటిలోని 6 ఆదివారాలు ప్రభువు పునరుత్థానాన్ని స్మరించే దినాలు కనుక వాటిని ఉపవాస దినాలుగా లెక్కించరు, అందుకే 40 రోజుల తపస్కాలమని అంటాము. ఈ కాలం దగ్గర పడగానే చాలామంది ఈసారి ఏమి మానుకోవాలా అని ఆలోచిస్తారు. నేను మానుకున్నది ఎవరికి చేరాలి అన్నదే ముందు ఆలోచించవలసిన విషయమని నా విశ్వాసం. యెషయా గ్రంథం 58వ అధ్యాయం ఉపవాసాన్ని ఆకలిగొన్నవారికి ఆహారం పంచడంతోనూ, దిక్కులేనివారికి ఆశ్రయమివ్వడంతోనూ ముడిపెడుతుంది; ఆ ముడి తెగితే మిగిలేది పొదుపో పథ్యమో మాత్రమే.

కాబట్టి బుధవారానికి ముందే ఒక వ్యక్తినో, ఒక కుటుంబాన్నో మనసులో నిర్ణయించుకోండి. ఒంటరిగా ఉన్న వృద్ధులకు డబ్బు కన్నా మన సమయం అవసరం కనుక, ఫోను చూస్తూ గడిపే సాయంత్రపు గంటను వారికివ్వాలి. మందులు కొనలేక ఇబ్బంది పడుతున్న కుటుంబమైతే, మనం కొనదలచిన కొత్త బట్టలను వదులుకోవాలి. మిగిలిన డబ్బును ఆ రోజే విడిగా ఒక కవరులో పెట్టి, వారం వారం అందజేయండి. ఈస్టరు దాకా కూడబెడదామనుకుంటే అది మన ఖర్చులలో కలిసిపోతుంది, పైగా అవతలివారి అవసరం అంతవరకు ఆగదు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు కోరినట్లు, ఇచ్చిన సంగతి ఎవరికీ చెప్పకండి. పుచ్చుకునేవారి గౌరవం కూడా అందులోనే నిలుస్తుంది.

శ్రీసభ, అంటే కతోలిక సంఘం, విధించిన నియమం నిజానికి స్వల్పమైనది. 18 ఏళ్లు నిండినవారు 59 ఏళ్లు పూర్తయ్యే వరకు విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం ఒక్క పూటే కడుపునిండా భోజనం చేస్తారు; 14 ఏళ్లు నిండినవారు ఆ రెండు రోజులతో పాటు తపస్కాలపు శుక్రవారాలలో మాంసాహారం వర్జిస్తారు. అనారోగ్యం ఉన్నవారు, గర్భిణులు ఉపవాసం కోసం ఆరోగ్యాన్ని పణంగా పెట్టవలసిన అవసరం లేదు. ఒక రోజు నియమం తప్పితే మరునాడు రెట్టింపు కఠినంగా ఉండబోకండి, యథావిధిగా కొనసాగించండి.

వస్తువులను వదలడం కన్నా పగను వదలడం ఎంతో కష్టం. అపరాధాలను క్షమించడం, కష్టపెట్టేవారిని ఓర్పుతో సహించడం అనే రెండింటినీ శ్రీసభ 7 ఆధ్యాత్మిక కరుణా కార్యాలలో చేర్చింది. ఈ కాలమంతటిలో అన్నిటికన్నా ఎక్కువ శ్రమ వీటికే పెట్టాలని నేను కోరుకుంటాను. మాటలు ఆగిపోయిన వ్యక్తి పేరును కొన్నాళ్లు ప్రతిదినం ప్రార్థనలో తలచుకొని, మనసు కొంత మెత్తబడిన తరువాతే పలకరించండి. ఆ పలకరింపులో పాత తగవును ప్రస్తావించకుండా యోగక్షేమాలు మాత్రమే అడగండి. వారు బదులివ్వకపోతే ఒత్తిడి చేయకుండా ప్రార్థన కొనసాగించండి. తప్పు మీదే అయితే సంజాయిషీలు కలపకుండా క్షమాపణ అడగండి, కలిగించిన నష్టాన్ని వీలైనంత పూడ్చండి. పాపసంకీర్తనానికి, అంటే గురువు (ఫాదర్) ఎదుట పాపాలను ఒప్పుకోవడానికి, ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర వారం దాకా ఆగకుండా, గురువుతో తీరికగా మాట్లాడగలిగే రోజును ముందుగానే ఎంచుకోండి.